ఆకు జమాఖర్చులు

సంసారమున సొమ్ము పోవు త్రోవలు రెండు. ఒకటి కంటికి కనబడునది. ఉప్పు, పప్పు, బట్ట, బడిజీతము, మందులు మాకులు మొదలైనవానికి పోవునది. దీనిని ప్రతి గృహిణియు పద్దు వ్రాసికొనగలదు. రెండవది రాబడి చేతికందకముందే దారిలో తఱిగిపోవునది. కళ్ళమునుండి యిల్లు చేరులోపల బండి సందులనుండి జారిన గింజలను ఏ పద్దులో వ్రాయుదుము? ఇంటికి వచ్చిన బస్తాలనే లెక్కించి, ఇంతే పండినదని ఊరకుందుము. జారిన గింజల లెక్క తెలియవలెనన్న కళ్ళములోని కొలతయు ఉండవలెను, ఇంటిలోని కొలతయు ఉండవలెను. ఆ రెంటి భేదమే నష్టము.

పైరుల ఆకులయందును ఇట్టి నష్టమొకటి ఎండ కాయుచున్నంత సేపును జరుగుచుండును. దానికి శాస్త్రజ్ఞులు కాంతిశ్వాసక్రియ యని పేరు పెట్టిరి. పేరు కఠినమైనను విషయము కఠినము గాదు. దానిని గాలి కొలతలచేత పట్టుకొను విధమెట్టిదో, ఆ కొలత మా బోటి మెట్టసీమవారికి ఏమి బోధించునో మేము తెలిసికొన్నంతవఱకు సోదరీమణులకు విన్నవింపగోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా నివాసము నందిగామ. మా యింటివారి పెద్దలనాటి నాలుగెకరముల చేను జగ్గయ్యపేట వైపున ఉన్నది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర నెలకొల్పిన ఆ పేటనుండి మా ఊరివఱకు గల నేలను కృష్ణాజిల్లావారు మెట్ట యందురు. 2022 సంవత్సరమునుండి ఇది ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గాని, పేరు మారినంత మాత్రమున నేల మారదు గదా. దివిసీమవలె ఎటుచూచినను కాలువలు పారు నేల గాదిది. మునేఱు, పాలేఱు వానకాలమున పొంగును, వేసవిలో ఇసుక తేలును. నాగార్జునసాగరము ఎడమకాలువ నీరు కొంత భూమికి అందును. కాలువ చివరి చేలకు మాత్రము అది వచ్చినప్పుడే వచ్చినట్లు. ఎండ మాట చెప్పనక్కఱలేదు. 45 డిగ్రీలు దాటిన దినములు మావారికి వింత గాదు. ప్రత్తి, మిరప, మొక్కజొన్న, కంది, పెసర, నీరున్నచోట వరి మా పంటలు.

వీనిలో మిరపకు పెట్టుబడి మెండు. 2021లో నల్ల తామరపురుగు తెలుగుదేశపు మిరపతోటలను పాడుచేసిన పిమ్మట, మా యింట ఏటేట ఒకే చర్చ నడచుచున్నది. మా అత్తగారు, "ఎండ కోర్చునది జొన్న. నీరు తక్కువైనను నిలుచును. దానికై ఒకరి గుమ్మము తొక్కనక్కఱలేదు" అందురు. మా యింటివారు, "జొన్న కడుపు నింపును గాని బాకీ తీర్చదు. రూపాయి చూపునది మిరపయే" అందురు. పెట్టుబడికొఱకు మా మెడలోని గొలుసు ఒకమాఱు తాకట్టునకు పోయి వచ్చినది గనుక, ఈ చర్చలో మాట చెప్పు హక్కు మాకును కలదని మేము తలచుచుందుము. అయినను ఏ మాట చెప్పవలెనో తోచుట లేదు. అత్తగారి మాటకు అనుభవము బలము, మా యింటివారి మాటకు అంగడి బలము. మా మాటకు దేనిని బలముగా తెచ్చుకొందుము?

ఇట్లుండగా గత మాఘమాసమున మా అన్నగారి కుమార్తె పదిదినములు మా యింట నుండుటకు వచ్చినది. ఆ పిల్ల వృక్షశాస్త్రమున పరిశోధన చేయుచున్నది. బట్టలపెట్టెతోపాటు మఱియొక బరువైన పెట్టెను తెచ్చి, దానిని పసిబిడ్డనువలె ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. అదేమని అడుగగా, "అత్తయ్యా, ఇది ఆకు ఊపిరి కొలుచు యంత్రము" అని చెప్పినది.

మా అత్తగారు నవ్వి, "చెట్టు రాత్రివేళ మనవలెనే ఊపిరి విడుచునని మా పెద్దలును చెప్పిరి. దానికి ఇంత పెట్టె యెందుకే పిల్లా?" అనిరి.

"మామ్మగారూ, ఆ మాట నిజమే. రాత్రియే గాదు, పగలును చెట్టు మామూలు ఊపిరి విడుచుచునే యుండును. ఈ యంత్రముతో మేము వెదకునది ఆ ఊపిరి గాదు. వెలుతురున్నంతసేపు మాత్రమే నడచి, వెలుతురు పోగానే ఆగిపోవునది మఱియొకటి కలదు. చెట్టు సంపాదించుచున్న సమయముననే దాని సంపాదనలో కొంత ఆ దారిని పోవుచుండును" అని ఆ పిల్ల చెప్పినది. సంపాదించుచుండగనే పోవుటయను మాట విని మా అత్తగారు చేతిలోని చేట క్రింద పెట్టి దగ్గఱకు జరిగిరి.

ఆ పిల్ల మాకు చెప్పిన దానిని, పిమ్మట మేము చదివి తెలిసికొన్న దానిని కలిపి చెప్పెదము.

ఆకునందు కంటికి కనబడని రంధ్రములు వేలకొలది కలవు. వానిగుండ గాలి లోనికి పోవును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేళ్ళు తెచ్చిన నీటిని కొని, సూర్యరశ్మి బలముచేత ఆకు చక్కెర చేయును. మనము తిను అన్నము, కట్టు ప్రత్తిబట్ట, నూరు మిరపకాయ అన్నియు ఆ చక్కెరయొక్క రూపాంతరములే. ఈ వంటలో బొగ్గుపులుసు వాయువును చేతబట్టి పాత్రలో వేయు పని రుబిస్కో అను ఒక మాంసకృత్తునిది. అది మిగుల ముఖ్యమైన పనివాడు. కాని వానియందొక లోపము కలదు. బొగ్గుపులుసు వాయువునకు బదులుగ అప్పుడప్పుడు ప్రాణవాయువును పట్టి పాత్రలో వేయును. గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళు. బొగ్గుపులుసు వాయువో, పది లక్షల పాళ్ళకు 420 పాళ్ళకు కొంచెము పైమాట. అనగా ఒకనికి ఐదువందలమంది చొప్పున గుమ్మమువద్ద నిలిచియుండగా, ఆ ఒక్కనినే పిలుచుకొని రమ్మన్న ఎంతటి పనివాడైనను తప్పు పిలుపు పిలువకపోడు.

ఈ తప్పు పిలుపువలన ఆకులో పనికిరాని పదార్థమొకటి పుట్టును. దానిని పాఱవేయుటకు ఆకు ఇచ్చగింపదు. అన్నము మాడినప్పుడు అడుగుమాడును విడిచి పైయన్నమును దక్కించుకొను ఇల్లాలివలె, దానిని కణములోని మూడు గదులచుట్టు త్రిప్పి బాగుచేసికొనును. అట్లు చేయగా, నాలుగు కర్బన పరమాణువులలో మూడు దక్కును. నాలుగవది తిరిగి బొగ్గుపులుసు వాయువై వెలికి పోవును. ఈ బాగుచేయు పనికి శక్తియు ఖర్చగును. మామూలు వెచ్చదనమున ఆకు సంపాదనలో ఇంచుమించు పావువంతు ఈ దారిని పోవునని అంచనా. ఎండ ముదిరినకొలది నష్టము పెరుగును. ఏలయనగా వేడినీటిలో రెండు వాయువులును తక్కువగనే కరగును గాని, బొగ్గుపులుసు వాయువు మఱింత త్వరగా తగ్గిపోవును; రుబిస్కోకును ఆ వేడిలో మంచిచెడ్డలెంచు నేర్పు సన్నగిల్లును.

ఈ సంగతి లోకమునకు ఒక్కనాడు తెలిసినది గాదు. 1920లో జర్మనీదేశపు ఆటో వార్‌బర్గ్ నీటిపాచిని పరీక్షించుచు, ప్రాణవాయువు హెచ్చినప్పుడు దాని వంట మందగించుటను గమనించెను. 1955లో అమెరికాలో జాన్ డెకర్ పొగాకు ఆకుపై వెలుతురు ప్రసరింపజేసి, తటాలున దీపమార్పి చూచెను. ఆర్పిన వెంటనే ఆకునుండి బొగ్గుపులుసు వాయువు ఒక్కమాఱుగ వెలువడి, కొంచెము సేపటిలో తగ్గిపోయెను. పొయ్యిలోని కట్టె తీసినను కాగుచున్న పాలు మఱికొంతసేపు పొంగును గదా, అట్టిదే యిది. వెలుతురులో సాగుచున్న పని దీపమార్పగానే నిలువక, వాయువును వెడలించుచు మెల్లగా అణగినదన్నమాట. కారణము మాత్రము 1971వఱకు స్పష్టపడలేదు. ఆ యేట ఇలినాయి విశ్వవిద్యాలయమున జార్జి బోవెస్, విలియం ఆగ్రెన్ మొదలగువారు రుబిస్కోయే ప్రాణవాయువును పట్టుచున్నదని తెలిపిరి.

ఇక కొలత మాట. ఈ నష్టమును తిన్నగ కొలుచుటకు వీలులేదు. ఆకు లోపల పుట్టిన వాయువులో కొంత బయటికి రాకముందే ఆకే మరల పట్టి వంటలో వేసికొనును. వెలికి వచ్చినదియైనను, లోనికి పోవుచున్న ఎక్కువ వాయువులో కలిసిపోవును. మనము చూడగలిగినది మిగులు మాత్రమే. కాబట్టి భేదములనుబట్టి ఊహింపవలెను.

మా మేనకోడలి యంత్రము చేయు పని యిట్టిది. ఆకును కోయకుండ, మొక్కకు ఉండగనే, గాజుమూత గల చిన్న గదిలో పట్టి బిగింతురు. ఆ గదిలోనికి పోవు గాలిలో బొగ్గుపులుసు వాయువెంతయో, వెలికివచ్చు గాలిలో ఎంతయో యంత్రము కొలుచును. ఈ వాయువు కంటికి కనబడని పరారుణ కిరణములను మ్రింగు స్వభావము గలది. గాలిగుండ ఆ కిరణములను పంపి, ఎంత తఱిగినవో చూచిన వాయువు పాళ్ళు తెలియును. మాటవరుసకు లోనికి పోవునప్పుడు 400 పాళ్ళుండి, వెలికి వచ్చునప్పుడు 380 పాళ్ళున్నచో, 20 పాళ్ళు ఆకు గైకొన్నదని యర్థము. గాలి పాఱు వేగమును, ఆకు వైశాల్యమును లెక్కలోనికి తీసికొనిన, చదరపు కొలతకు ఆకు సంపాదన తేలును. ఆకు విడుచు నీటి ఆవిరియు ఆ యంత్రముననే తెలియును.

ఇది నికర సంపాదన. నష్టము తెలిసికొనుటకు రెండవ కొలత కావలెను. దానికొఱకు నూటికి 21 పాళ్ళకు బదులు ఒకటి రెండు పాళ్ళు మాత్రమే ప్రాణవాయువున్న గాలిని అదే ఆకునకు ఇత్తురు. అప్పుడు రుబిస్కోకు తప్పు పిలుపునకు అవకాశముండదు; సంపాదన పెరుగును. ఆ పెరుగుదలయే నష్టమునకు ఆనవాలు.

ఇది విని మా అత్తగారు, "తెలిసినదిలే. దుత్తలోని పాలు పిల్లి ఎంత త్రాగుచున్నదో తెలియక, ఒకనాడు పిల్లిని కట్టివేసి, ఆనాటి పెరుగును నిన్నటి పెరుగును పోల్చి చూచుట" అనిరి.

మా మేనకోడలు చప్పట్లు కొట్టినది. కాని వెంటనే, "మామ్మగారూ, ఒక చిక్కు కలదు. పిల్లిని కట్టివేసిన దినమున పిల్లి త్రాగు పాలును మిగులును, పిల్లిని తోలుటకు పట్టు పొద్దును మిగులును. ఆ పొద్దులో మీరు మఱియొక పని చేసికొందురు. అందుచేత ఆనాటి లాభమంతయు పిల్లి త్రాగిన పాలే యనరాదు" అని చెప్పినది. ప్రాణవాయువును పట్టిన రుబిస్కో ఆ క్షణమున బొగ్గుపులుసు వాయువును పట్టలేదు. ఆ పొద్దు నష్టమును, తరువాత వెలికి పోయిన వాయువు నష్టమును రెండును ఆ పెరుగుదలలో కలిసియుండునని దాని భావము. అందుకే శాస్త్రజ్ఞులు ఒక్క పద్ధతిని నమ్మక, దీపమార్పి చూచుట, ప్రాణవాయువును తగ్గించి చూచుట, ఇపుడు చెప్పబోవు మూసిన గది పద్ధతి మొదలైనవానిని కలిపి తీర్పు చెప్పుదురు.

మూసిన గది పద్ధతిని మేము కన్నులార చూచితిమి. ఒక మధ్యాహ్నము చేనికి పోయితిమి. మిరప ఎఱ్ఱబడియున్నది, ప్రక్కచేనిలో జొన్న గింజ పోసికొని నిలిచియున్నది. ఆ పిల్ల మొదట మిరప ఆకును గదిలో బిగించి, క్రొత్తగాలి రాకుండ లోపలి గాలినే మరల మరల త్రిప్పినది. ఆకు బొగ్గుపులుసు వాయువును త్రాగుచుండగా యంత్రముమీది అంకెలు తగ్గుచు వచ్చినవి. తగ్గి తగ్గి ఒకచోట నిలిచిపోయినవి. ఎంతసేపు చూచినను అంతకు దిగలేదు. అచ్చట ఆకు లోనికి గైకొనునదియు, వెలికి విడుచునదియు సమానమైనవన్నమాట. ఆ చోటికి సంతులనస్థానమని పేరు. ఇక జొన్న ఆకును బిగింపగా, అంకెలు ఇంచుమించు అడుగంటువఱకు దిగిపోయినవి. దుత్తను వ్రేలితో నాకినట్లు గదిలోని వాయువును జొన్న కాజేసినది. మిరప, ప్రత్తి, వరి, కంది, పెసర మొదలగువానికి ఈ స్థానము మామూలు వెచ్చదనమున పది లక్షలకు 40, 50 పాళ్ళ ప్రాంతమున నుండి, వేడి హెచ్చినకొలది పైకి పోవును. జొన్న, మొక్కజొన్న, సజ్జ, రాగి, చెఱకు మొదలగువానికి అది సున్నకు సమీపమున నుండును.

ఈ భేదమునకు కారణము జొన్నయింటి కట్టుబాటు. అందు బయటిగదిలో రుబిస్కో లేదు. ప్రాణవాయువును ఎన్నడును తప్పుగా పట్టని మఱియొక పనివాడు అచ్చట నిలిచి బొగ్గుపులుసు వాయువును పట్టి లోపలికి అందించును. ఈనెలచుట్టు గల లోపలిగదిలో రుబిస్కో కూర్చుండియుండును. అచ్చట బొగ్గుపులుసు వాయువు క్రిక్కిఱిసి యుండుటచేత తప్పు పిలుపు అరుదు. మొదట నాలుగు కర్బనముల పదార్థము పుట్టుటచేత వీనిని సీ-4 మొక్కలందురు. మిరప, వరి మొదలగువానిని సీ-3 మొక్కలందురు. ఇద్దఱు పనివాండ్రను పోషించుటకు జొన్నకు శక్తి యధికముగ ఖర్చగును. మండుటెండలో ఆ ఖర్చు గిట్టును. నీడలోను చలిలోను గిట్టదు.

1960 ప్రాంతముల చివర అమెరికాలో ఒక విచిత్రమైన పరీక్ష చేసిరి. మొక్కజొన్న మొలకలను, సోయా మొలకలను ఒకే మూసిన గదిలో వెలుతురున పెట్టిరి. మొక్కజొన్న గదిలోని వాయువును సోయా సంతులనస్థానమునకు దిగువకు లాగివేసినది. పాపము సోయా మొక్క, రాబడి లేక వ్యయము మాత్రమే మిగిలి, కొన్నాళ్ళకు పండిపోయినది. ఏదేని సోయా మొక్క ఆ కఱవున బ్రతికి నిలుచునేమోయని ఎన్నిటినో గాలించిరి గాని దొరకలేదు. విత్తనమును ఎంచినంత మాత్రమున తొలగు నష్టము గాదని తేలినది.

మఱి సృష్టిలో ఈ రెండు తెగలకు నడుమ నున్నవి లేవా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో మన తెలుగువారు ఉన్నారనుట మాకు మిక్కిలి సంతోషము కలిగించినది. అదియును ఏ దూరదేశపు మొక్కనుబట్టియో కాదు, మనము కూర వండుకొను పొన్నగంటి కుటుంబమునుబట్టి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్ర శాఖలో జి. రాజేంద్రుడు, జె.ఎస్.ఆర్. ప్రసాద్, వి.ఎస్. రామదాస్ గారలు పొన్నగంటి జాతి మొక్కలను వాయు కొలతలచేత పరీక్షించి, 1986లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ పత్రికలో ప్రకటించిరి. ఈ జాతి శాస్త్రనామము ఆల్టర్నాంథెరా. మునేటి ఒడ్డున దొరకు మన పొన్నగంటికూర అందు సీ-3 తెగది. నేలకు అంటుకొని ప్రాకి, చెప్పులు లేని కాళ్ళకు ముళ్ళు గుచ్చు దాని దాయాది సీ-4 తెగది. ఈ దాయాదుల నడుమ ఫికాయిడెస్, టెనెల్లా అను రెండు కలుపు మొక్కలు రెండు తెగలకును చెందక నడుమ నిలిచినవని వారు తేల్చిరి.

వారి కొలతలను గమనింపుడు. 29 డిగ్రీల వేడిలో ఆ రెంటి సంతులనస్థానము 18 మొదలు 22 పాళ్ళవఱకు ఉన్నది. మిరపవంటి మొక్కలకంటె చాల తక్కువ, జొన్నకంటె ఎక్కువ. నాలుగంగుళముల చదరమంత ఆకు గంటకు గైకొను బొగ్గుపులుసు వాయువు 25 మొదలు 28 మిల్లీగ్రాములు. గాయములకు పసరు పిండు గడ్డిచామంతి సీ-3 తెగది. దాని సంపాదనకును ముళ్ళ దాయాది సంపాదనకును నడుమ ఈ అంకె పడినది. వెలుతురు తక్కువైనప్పుడు టెనెల్లా సంతులనస్థానము 35 పాళ్ళవఱకు పెరిగి, వెలుతురు హెచ్చగా 18కి దిగినది. ఫికాయిడెస్‌కు మాత్రము అది 20, 25 పాళ్ళ నడుమనే నిలిచినది. చూచుటకు అక్కచెల్లెండ్రవలె నుండు రెండు కలుపు మొక్కల గుణభేదమును ఈ రీతిగ గాలి చెప్పినది.

ఈ నడిమి మొక్కల రహస్యము పిమ్మట హైదరాబాదు విశ్వవిద్యాలయమున మఱికొంత బయటపడినది. ఆచార్య ఎ.ఎస్. రాఘవేంద్రగారును వారి సహచరులును 1995లో టెనెల్లా మొక్కపై ప్రకటించిన పరిశోధనవలన తేలిన దేమనగా, నష్టపు వాయువును పుట్టించు యంత్రసామగ్రి ఆ మొక్కలో ఆకంతట సమముగ లేక, ఈనెలచుట్టు గల లోపలిగదిలోనే ఎక్కువగ నున్నది. అందుచేత పుట్టిన వాయువు వెలికి పోవుటకు ముందు లోపలిగదిలోని రుబిస్కో చేతబడును. నష్టమును మాన్పుకొనలేకపోయినను, నష్టము జరుగు చోటును ఇంటినడుమకు మార్చుకొని, జారినదానిని తిరిగి పట్టుకొనుటకు ఆ మొక్క నేర్చినది. మజ్జిగ చిలుకునప్పుడు తుంపరలు పడకమానవు. తెలిసిన ఇల్లాలు కవ్వము మానదు. కుండను పెద్ద పళ్ళెములో పెట్టి చిలుకును. పెరటి కలుపు మొక్కలో ఇంతటి సంసారపక్షము కలదని ఎవరనుకొందురు?

అయినచో ఈ కాంతిశ్వాసక్రియ కేవలము దుబారాయా? అట్లనుటకు వీలులేదు. 1979 మొదలు అమెరికాలో క్రిస్ సోమర్‌విల్, ఆగ్రెన్ గారలు ఒక చిన్న ఆవజాతి మొక్కలో, ఈ బాగుచేయు దారి తెగిపోయిన రకములను కనుగొనిరి. బొగ్గుపులుసు వాయువు మెండుగ నున్న గాలిలో అవి చక్కగ పెరిగినవి. మామూలు గాలిలో పెట్టగా క్షీణించినవి. అడుగుమాడును బాగుచేయు ఇల్లాలు లేని యింట మసి పేరుకొనినట్లు, చెడు పదార్థము పేరుకొనిపోయినది. కాబట్టి తప్పు పిలుపు నష్టమే గాని, ఆ తప్పును దిద్దు పని ప్రాణరక్షకము. అదిగాక ఎండ మిక్కుటమై, ఆకునకు తీఱని శక్తి మీదపడినప్పుడు దానిని ఖర్చుపెట్టించి ఆకును మాడకుండ కాపాడుటకును ఈ క్రియ తోడ్పడును. నష్టమును తగ్గించు ప్రయత్నములును జరుగుచున్నవి. ఇలినాయిలో పొగాకు మొక్కకు దిద్దుబాటుదారిని దగ్గఱచేసి పొలమున పెంచగా, 40 శాతమునకు పైగా అధికముగ పెరిగినట్లు 2019లో ప్రకటించిరి. అది పొగాకు మాట. మన వరికి, మిరపకు అంతటి ఫలమును పొలమున చూపవలసియున్నది.

ఇక మా చేని మాటకు వత్తము. ఈ విద్య విన్నపిదప మా అత్తగారు గెలిచితిమని అనుకొనిరి. "చూచితివా, జొన్న దుబారా చేయదు" అని మా యింటివారితో అనిరి. ఆయన చిఱునవ్వుతో, "ఆకు సంపాదన వేఱు, అంగడి సంపాదన వేఱు గదమ్మా" అనిరి. ఇద్దఱి మాటయు నిజమే. జొన్న ఆకు మిరప ఆకుకంటె మండుటెండను లాభముగ వాడుకొనునని గాలి కొలత చెప్పును. క్వింటాలు ధర ఎంత పలుకునో అది చెప్పదు. మిరపను మానుమని ఏ యంత్రమును శాసింపదు.

అయినను మా యింటికి అక్కఱకు వచ్చిన మాట యొకటి అందు దొరకినది. మధ్యాహ్నవేళ నీరు చాలక ఆకు వడలినప్పుడు, ఉన్న నీటిని కాపాడుకొనుటకై అది తన రంధ్రములను మూసికొనును. అప్పుడు బొగ్గుపులుసు వాయువు లోనికి రాదు. ఎండ మాత్రము మానదు. లోపలి గాలిలో ప్రాణవాయువు పాలు మఱింత హెచ్చై, తప్పు పిలుపులు పెరుగును. ఎండయు నీటిఎద్దడియు కూడినచోట సీ-3 పైరునకు రెండింతల కష్టమన్నమాట. కాబట్టి మా మేనకోడలు ఊరికి పోవుటకు ముందునాటి రాత్రి భోజనములైన పిమ్మట, మేము తొలిసారిగా ఆ చర్చలో నోరు విప్పితిమి. నాలుగెకరములలో బావినీరు ఏ వేళనైనను అందు రెండెకరములలో మిరప. కాలువ చివర, నీరు నమ్మరాని రెండెకరములలో జొన్న. పెట్టుబడి సగమునకు తగ్గును. గొలుసు ఇంటనే యుండును. మా యింటివారు కొంతసేపు ఆలోచించి, వచ్చు సంవత్సరమునకు అట్లే కానిమ్మనిరి. మా అత్తగారు మాత్రము మూడెకరములు జొన్నయైన బాగుండునని ఇప్పటికిని అనుచునే యున్నారు.

ముందు కాలమునుగూర్చియు ఒక మాట. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఏటేట పెరుగుచున్నది. అది పెరిగినకొలది రుబిస్కో తప్పు పిలుపులు తగ్గవలెను. కాని ఆ వాయువు పెరుగుటచేతనే భూమి వేడెక్కుచున్నది. వేడిచేత తప్పు పిలుపులు పెరుగును. ఒక చేతితో ఇచ్చి ఒక చేతితో లాగికొనుచున్న ఈ బేరమున ఏ పైరునకు ఏ సీమలో లాభమో, ఏ సీమలో నష్టమో ఊహచేత తేలదు. మా మెట్టవంటి వేడిసీమలలో, మన పైరుల ఆకులమీదనే, మన ఎండలోనే కొలిచి చూడవలెను. చలిదేశములలో కొలిచిన అంకెలను తెచ్చి మన చేలకు అంటగట్టిన ప్రయోజనము లేదు. తిరుపతివారు చేసినట్లు, కాలిక్రింది కలుపు మొక్కనైనను చులకన చేయక పరీక్షించువారు మన ఊళ్ళనుండి పుట్టవలెను.

సోదరీమణులారా! మీ పెరటిలో ఈ విద్యకు పాఠశాల సిద్ధముగ నున్నది. తోటకూరయు పొన్నగంటియు ఒక కుటుంబములోనివే. కాని తోటకూర సీ-4 తెగది, పొన్నగంటి సీ-3 తెగది. పొన్నగంటి తేమనేలను వెదకికొనుటయు, తోటకూర చైత్రవైశాఖముల ఎండలో ధైర్యముగ పెరుగుటయు మీరెఱిగినదే. గోంగూర, బచ్చలి సీ-3 తెగవి. మడిగట్లపై దానంతటది మొలచు గంగపాయలకూర సీ-4 తెగది. కూర తఱుగునప్పుడు మీ బిడ్డలకు ఈ మాట చెప్పుడు. ఆడపిల్ల ఆకును చూచి "ఇది పగలు ఎంత సంపాదించును, ఎంత పోగొట్టుకొనును?" అని అడిగెనేని, దానికి వేళాకోళముగ జవాబు చెప్పకుడు. చదివింపుడు. కొలిచి చెప్పు మాటకు ఇంటను, పొలమునను విలువ కలదు.